సమస్యాపూరణం: "తండ్రి పొదిగెను గ్రుడ్లను తల్లి విడిచె"

ఈ వారం సమస్య తేటగీతి పాదం. పక్షి ఎగరనిది కావాలి, కొండ అడవిదే కావాలి. కాకి గూట్లో కోకిల కథ వద్దు.

కోనసీమ:

ఇసుక నేలను పరుగెత్తు నిప్పుకోడి
రాత్రి కూర్చుండె గూటిలో రక్ష సేయ
పగలు మేతకై పోయెను పరుగు తోడ
తండ్రి పొదిగెను గ్రుడ్లను తల్లి విడిచె

నేను: ధార బాగుంది కానీ మొదటి పాదంలో యతి పోయింది, ఇకారానికి "ని" చెల్లదండీ. "నిడుద కాళ్ళతో పరుగెత్తు నిప్పుకోడి" అంటే సరిపోతుంది. అసలు ఇబ్బంది వేరే ఉంది. నిప్పుకోళ్ళలో రాత్రి నల్లటి మగది పొదిగితే పగలు మట్టిరంగు ఆడది కూర్చుంటుంది, కాబట్టి తల్లి విడిచిందనడం అన్యాయం. పైగా అది మైదానాల పక్షి.

పద్యప్రియ: న్యూగినీ కొండల కాసోవరీ మీద రాశాను.

కొండ యడవినిఁ దిరుగాడు కొమ్ము పిట్ట
పచ్చ గ్రుడ్లనుఁ బెట్టి తాఁ బయలుదేరె
నాడపక్షియె, గూటిలో నాగిపోయి
తండ్రి పొదిగెను గ్రుడ్లను తల్లి విడిచె

నేను: సరైన పక్షిని పట్టారు! కాసోవరీలు మూడు జాతులు, వాటిలో పొట్టిదే కొండల మీద మూడు వేల మీటర్ల దాకా కనిపిస్తుంది. గ్రుడ్లు నిజంగానే పచ్చగా ఉంటాయి. అయితే పొట్టిదైనా మనిషి నడుము ఎత్తుండే పక్షిని పిట్ట అంటే మనసొప్పదు, పులుగు అనండి. నెత్తి మీదది కూడా కొమ్ము కాదు, దళసరి శిఖ.

పద్యప్రియ: అయితే "కొప్పు పులుగు"? యతి కూడా చెడదు.

నేను: ఆహా, ఒక్క అక్షరంతో బొమ్మ కట్టేశారు! ఇక "బయలుదేరె", "విడిచె" రెండూ ఒకే మాట చెబుతున్నాయి, అక్కడ పిల్లల సంగతి పెట్టుకోవచ్చు. నా ప్రయత్నం ఇది:

పండ్లు మ్రింగుచు గింజలఁ బంచు పులుగు
పాపువా కొండకోనల బ్రతుకుచుండు;
నెలలు తొమ్మిది పిల్లల నిలుపఁ గోరి
తండ్రి పొదిగెను గ్రుడ్లను తల్లి విడిచె

కోనసీమ: గింజలు పంచడమంటే?

నేను: పండును గుటుక్కున మింగేసి, తిరిగిన చోటల్లా రెట్టలో గింజలు వదులుతుంది. పెద్ద గింజల చెట్లు కొన్ని కొత్తచోట మొలవాలంటే దీని కడుపే దారి.

పద్యప్రియ: మూడో పాదం దగ్గర ఆగిపోయానండీ. తొమ్మిది నెలలంటే మనకు అమ్మ కడుపే గుర్తొస్తుంది, ఆ లెక్క నాన్న చేతికి వచ్చింది. కానీ పొదిగిన యాభై రోజులు ఎవరి పద్యంలోనూ రాలేదే?

నేను: రాలేదు, నిజమే. ఆదివారం దాకా గడువుంది, మీరే ఎత్తుకోండి.