మొక్కకు తీగలు తగిలిస్తే వచ్చే సంగీతం ఎవరిది?

గోడబొమ్మ

సాంకేతికతనీ ప్రకృతినీ కలిపి పనిచేస్తున్న కొత్తతరం కళాకారుల ప్రదర్శనల్లో ఒక అమరిక తరచూ కనిపిస్తోంది. కుండీలో మొక్క, దాని ఆకులకు రెండు జెల్ ప్యాడ్లు, పక్కన చిన్న పెట్టె, స్పీకర్లోంచి మెల్లగా సింథసైజర్ స్వరాలు. గోడ మీద చీటీ: మొక్క తన లోపలి స్థితిని మనకు పాడి వినిపిస్తోందని. 2014లో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్ ద్వారా, మొక్క విద్యుత్ మార్పుల్ని స్వరాలుగా మార్చే మిడి స్ప్రౌట్ అనే పరికరం వచ్చాక ఇలాంటిది తయారుచేయడం బాగా సులువైంది. సర్క్యూట్, కోడ్ రెండూ అందరికీ దొరుకుతున్నాయి.

నా వాదన సూటిగా చెబుతాను. ఆ చీటీలో మాట నిజం కాదు. కళ అన్నంత మాత్రాన దానికి మినహాయింపు ఇవ్వకూడదు. మీరేమంటారు?

తీగమల్లి

మినహాయింపు అడగడం లేదండీ. కానీ మీరు ఒక రకం పనిని చూపించి మొత్తం ధోరణినే కొట్టేస్తున్నారు. 1992లో కళాకారులు క్రిస్టా సోమరర్, లారెంట్ మిన్యోనో చేసిన 'ఇంటరాక్టివ్ ప్లాంట్ గ్రోయింగ్' తీసుకోండి. గదిలో ఐదు నిజమైన మొక్కలుంటాయి. వచ్చినవాళ్లు వాటి దగ్గర చెయ్యి పెట్టినా, తాకినా తెర మీద డిజిటల్ మొక్కలు పెరుగుతాయి. అక్కడ కొలిచేది చేతికీ మొక్కకీ మధ్య విద్యుత్ తేడా. మొక్క మాట్లాడుతోందని వాళ్లు చెప్పలేదు. మనిషి ఒక ప్రాణిని ఎంత మెల్లగా తాకగలడన్నదే ఆ పనిలో అసలు విషయం.

ఇక మధ్యలో యంత్రం ఉంది కాబట్టి మొక్క వాటా లేదంటే ఒప్పుకోను. తంబురా శ్రుతిలో బుర్రకూ తీగకూ, తీగ కింద పెట్టే జీవా దారానికీ ఎవరి వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టరు కదా. మొక్క లేకపోతే ఆ ధ్వని రాదు, నాకు అది చాలు.

ఓమ్‌మీటర్

తీగమల్లి గారూ, "మొక్క లేకపోతే ఆ ధ్వని రాదు" అన్నది పరీక్షించదగ్గ మాట. పరీక్షిస్తే చాలా అమరికల్లో నిలవదు. పెట్టెలో జరిగేది ఇదీ.

అందులో 555 టైమర్ అనే, వరుసగా విద్యుత్ పల్సులు వదిలే చిన్న చిప్ ఉంటుంది. ఆకు దానికి ఒక రెసిస్టర్‌గా పనిచేస్తుంది. టైమర్ పక్కన 100 కిలో ఓమ్‌లు, 4.7 నానోఫారడ్ కెపాసిటర్ ఉన్నాయనుకోండి. రెండు ప్యాడ్ల మధ్య నిరోధం 1 మెగాఓమ్ అయితే ఒక్కో పల్స్ సుమారు 6.8 మిల్లీసెకన్లకు వస్తుంది. నిరోధం 900 కిలో ఓమ్‌లకు పడితే 6.2 మిల్లీసెకన్లు. మైక్రోకంట్రోలర్ (కోడ్ నడిపే చిన్న చిప్) పది పల్సుల వెడల్పులు తీసుకుని సగటు, ప్రామాణిక విచలనం (సగటు నుంచి ఎంత చెదిరాయన్న కొలత) లెక్కిస్తుంది. వాటిలో పెద్దదానికీ చిన్నదానికీ తేడా, విచలనానికి ఇన్ని రెట్లు దాటిందంటే ఒక స్వరం పంపుతుంది. ఎన్ని రెట్లన్నది నాబ్ తిప్పి మనమే పెడతాం. ఏ స్వరమన్నది సగటు విలువను ముందే ఎంచుకున్న స్వరశ్రేణిలోకి కుదిస్తే వస్తుంది. ఎటు తిరిగినా అపస్వరం పడకపోవడానికి కారణం ఆ కుదింపే, ఆకు కాదు.

ఇప్పుడు మన కరెంటు సంగతి. 50 హెర్ట్జ్ అంటే 20 మిల్లీసెకన్లకు ఒక చుట్టు. ఆకు, దాని తీగలు గోడలోని వైరింగ్‌కు ఏంటెన్నాలా పనిచేస్తాయి. 6.8 మిల్లీసెకన్ల పల్సులు ఆ అల మీద ఒక్కోటి ఒక్కో చోట పడతాయి కాబట్టి వెడల్పులు పల్సు పల్సుకీ మారతాయి. ఆ మార్పునే కోడ్ 'స్పందన' అనుకుంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి, పెట్టెను బ్యాటరీ మీద నడిపి చూడండి. స్వరాలు బాగా పలచబడితే అప్పటిదాకా మీరు విన్నది ఎక్కువభాగం కరెంటునే.

దీనికి విరుగుడు సులువు. పది పల్సుల చొప్పున కాకుండా 200 మిల్లీసెకన్ల చొప్పున సగటు తీయండి. అది సరిగ్గా పది కరెంటు చుట్లు, కాబట్టి హమ్ (గోడ కరెంటు నుంచి వచ్చే గోల) చాలావరకు తనకు తానే రద్దవుతుంది. అలా చేస్తే సంగీతం నెమ్మదిస్తుంది. చాలామంది చేయకపోవడానికి కారణం కూడా అదే.

ఇంకా ముఖ్యమైంది, పోల్చి చూడటానికి మొక్క లేని అమరికలు రెండు పక్కన ఉండాలి. ఒకటి, ఆకు బదులు 1 మెగాఓమ్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్. ఇది సర్క్యూట్ సొంత గోలను చూపిస్తుంది. రెండోది, 100 మిల్లీలీటర్ల నీళ్లలో 2 గ్రాముల అగర్ (చైనా గ్రాస్) మరిగించి గడ్డకట్టించిన ముక్క, దానికీ అవే ప్యాడ్లు. అగర్ నిరోధం ఆకు కంటే బాగా తక్కువగా వస్తుంది కాబట్టి దాంతో వరుసలో ఒక రెసిస్టర్ పెట్టి సమం చేయాలి. జెల్ ఎండటం, ప్యాడ్ జారడం, దగ్గరికొచ్చిన మనిషి ఒంటి ప్రభావం ఇందులో దొరికిపోతాయి. వేలితో తాకగానే ఆకూ అగరూ ఒకేలా పలికితే అది మొక్క గుర్తుపట్టడం కాదు. మీ ఒళ్లు మోసుకొచ్చిన హమ్ అది.

గోడబొమ్మ

ఓమ్‌మీటర్ చెప్పినదానికి ఒక పాత నేపథ్యం ఉంది. 1966లో క్లీవ్ బ్యాక్‌స్టర్ అనే అమెరికన్ పాలీగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం) నిపుణుడు డ్రసీనా అనే కుండీ మొక్క ఆకుకు తన యంత్రం తగిలించి, మొక్కలు మనిషి ఆలోచనలకు స్పందిస్తాయని ప్రకటించాడు. తర్వాత నియంత్రణలు పెట్టి చేసిన ప్రయోగాల్లో అది తేలలేదు. పక్కన చిన్న రొయ్యలు చస్తే మొక్క స్పందిస్తుందన్న అతని మరో వాదనను పరీక్షించి 1975లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఫలితం అందులో ఒకటి. పాలీగ్రాఫ్‌లో చర్మానికి వాడే భాగం కొలిచేదీ, ఈ పెట్టె కొలిచేదీ ఒక కోవవే: తడి పదార్థం గుండా కరెంటు ఎంత తేలిగ్గా పోతోందన్నది. ఆ నమ్మకం సైన్సులో ఓడిపోయి గ్యాలరీలోంచి తిరిగి వస్తోంది. నా అభ్యంతరం అందుకే.

పత్రరంధ్రం

గోడబొమ్మ గారి కోపం అర్థమైంది. కానీ బ్యాక్‌స్టర్‌ను కొట్టేసే ఊపులో మొక్కల్లో విద్యుత్ సంకేతాలే లేవనే దాకా వెళ్లకండి. 1873లోనే బర్డన్ శాండర్సన్ అనే శాస్త్రవేత్త, డార్విన్ ప్రోద్బలంతో, పురుగుల్ని పట్టి తినే వీనస్ ఫ్లైట్రాప్ మొక్కలో వాటిని నమోదు చేశాడు. తర్వాత జగదీశ్ చంద్ర బోస్ అత్తిపత్తి మీద చేసిన పని మనకు తెలిసిందే. ఫ్లైట్రాప్‌లో సంకేతం ఒక సెకను అటూ ఇటూ ఉంటుంది. సుమారు 20 సెకన్లలోపు రెండుసార్లు దాని ఆకు లోపలి రోమాన్ని తాకితేనే ఉచ్చు మూసుకుంటుంది. అత్తిపత్తిలో సంకేతం సెకనుకు 2–3 సెంటీమీటర్లు నడుస్తుంది.

ఆ నడకే మనకు సాక్ష్యం. అత్తిపత్తి ఆకుకాడ మీద 5 సెంటీమీటర్ల ఎడంతో రెండు చోట్ల ఎలక్ట్రోడ్లు పెట్టండి, మూడోది రిఫరెన్స్‌గా తడి మట్టిలో. కొసాకుకు ఐస్ ముక్క ఆనించండి. మొదటి చోట వచ్చిన సంకేతం రెండోచోట సుమారు రెండు సెకన్లు ఆలస్యంగా రావాలి. రెండుచోట్లా ఒకే క్షణంలో వస్తే అది కరెంటు హమ్మో, కుదుపో. ఐస్ ఎందుకంటే గాయం కాదు. ఆకు కత్తిరిస్తే, కాలిస్తే వచ్చే సంకేతం వేరే రకం. అది నెమ్మదిగా, పొడుగ్గా సాగుతుంది.

అయితే 555 పెట్టెతో ఇది కుదరదు. అది నిరోధం కొలుస్తుంది, మనకు కావాల్సింది వోల్టేజీ. చాలామంది తక్కువ ధరకు దొరికే ఏడీ8232 గుండె సెన్సర్ బోర్డు తగిలిస్తారు. గుండె కోసం అమర్చిన ఆ బోర్డులు సాధారణంగా 0.5 హెర్ట్జ్ కంటే నెమ్మదైన వాటిని వడకట్టేస్తాయి. మొక్క సంకేతంలో ఎక్కువ భాగం ఆ హద్దు కిందే ఉంటుంది. అందుకే సంకేతం చచ్చి, హమ్ మాత్రం మిగులుతుంది.

ఓమ్‌మీటర్

ఆ వోల్టేజీని పెంచి చూపడానికి ఏడీ620 అనే యాంప్లిఫయర్ చిప్ బాగా పనిచేస్తుంది, కానీ ఒక చిక్కుంది. దాని ఇన్‌పుట్ బయాస్ కరెంట్ (చిప్ తన కాళ్ల గుండా లాగే చిన్న కరెంటు) సాధారణంగా 0.5 నానోఆంపియర్, గరిష్ఠంగా 2. మొక్క వైపు నిరోధం 1 మెగాఓమ్ ఉంటే అర మిల్లీవోల్టు నుంచి 2 మిల్లీవోల్టుల దాకా దొంగ వోల్టేజీ పుడుతుంది. ప్యాడ్ ఎండేకొద్దీ అది మారుతూ ఉంటుంది. ముందు ఒక్కో తీగకూ ఎల్‌ఎంసీ6482 చిప్‌ను బఫర్‌గా (మొక్క మీద భారం పడకుండా వోల్టేజీని అందించే దశగా) పెట్టండి, దాని బయాస్ ఫెమ్టోఆంపియర్లలో ఉంటుంది, 5 వోల్టుల మీద నడుస్తుంది. దాని బదులు టీఎల్072 చిప్ పెడితే రెండు 9 వోల్టుల బ్యాటరీలతో ప్లస్–మైనస్ సరఫరా తప్పనిసరి. ఒంటి 5 వోల్టుల మీద నడిపి 'మొక్క చచ్చిపోయింది' అనుకునేవాళ్లున్నారు. గెయిన్ 10 (సంకేతం పదింతలు) కావాలంటే ఏడీ620కి 5.49 కిలో ఓమ్‌ల రెసిస్టర్ చాలు. ఏడీ620 రిఫరెన్స్ కాలును ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్) సరఫరాలో సగం దగ్గర నిలపాలి, లేదంటే మైనస్ వైపు వచ్చేదంతా తెగిపోతుంది. తర్వాత ఏడీసీగా ఏడీఎస్1115, సెకనుకు 128 నమూనాలు. ఆ రెండు చిప్‌ల మధ్యలో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే ఏడీసీ బతుకుతుంది.

ఎలక్ట్రోడ్‌కి రాగి తీగ వద్దు. తడి తగలగానే అదే ఒక చిన్న బ్యాటరీలా మారి విలువ నిలకడ లేకుండా జారుతుంది. వెండి తీగను ఇంట్లో వాడే బ్లీచ్‌లో ముదురు బూడిద రంగు వచ్చేదాకా, అరగంట దాకా ఉంచి కడిగితే సిల్వర్ క్లోరైడ్ పూత వస్తుంది. అది స్థిరంగా ఉంటుంది.

నల్లరేగడి

అన్నలూ, గ్యాలరీల పెట్టేటోళ్ల తిప్పలు గూడ జర వినుండ్రి. టేబుల్ మీద పనిచేసింది హాల్ల పనిచెయ్యదు. జెల్ ప్యాడ్ పొద్దుగాల అతికిస్తే మాపటికి ఎండిపోతది, ఏసీ గాలి సూటిగ తగిలితే ఇంక జల్ది. ఎండినకొద్ది నిరోధం పెరుగుతది, హమ్ ఎక్కువ గుంజుతది, స్వరాలు దట్టమైతయి. చూసెటోళ్లు "సాయంత్రం మొక్క హుషారయ్యింది" అనుకుంటరు. అందుకే ప్యాడ్లు రోజుకు రెండుసార్లు మార్చాలె, ప్రతిసారి అదే ఆకు మీద కాకుండ పక్క ఆకు మీద. లేకుంటే జెల్ల ఉప్పుకు ఆకు మీద గోధుమ మచ్చ పడతది.

దీపాల సంగతి ఇంకోటి. చిత్రాలకు పెట్టే 200 లక్స్ వెలుగుల అత్తిపత్తి బతకదు, మనీ ప్లాంటైతె కొన్నాళ్లు ఓర్సుకుంటది. మొక్కల కోసం గ్రో లైట్ పెడితే, దానికి కరెంటు ఇచ్చే డ్రైవర్ పెట్టె గోల సర్క్యూట్ల పడతది. డ్రైవర్‌ను రెండు మీటర్లు దూరం జరిపి, తీగలు మెలిపెట్టి, తీగల మీది లోహపు తొడుగును (షీల్డ్) ఒక్క కొస దగ్గర్నే గ్రౌండ్ చేస్తె చానా తగ్గుతది. కనీసం మూడు జతల కుండీలు ఉండాలె. ఒక జత హాల్ల, రెండు బయట ఎండల. అత్తిపత్తి ముడుసుకుంటె తిరిగి విచ్చుకునేటందుకు పది, ఇరవై నిమిషాలు పడతది. పిల్లలు లైన్ కట్టి ముట్టుకుంటె అది ఇగ లేవది. ఒకొక్కరిని ఆపి పంపే మనిషి కావాలె, ఆ జీతం గూడ బడ్జెట్ల రాసుకోండ్రి.

అగర్ ముక్క సంగతి మంచిదే గని, అది మూడో రోజుకు బూజు పడతది. రోజూ కొత్తది పొయ్యాలె.

తీగమల్లి

ఈ వివరాలన్నీ పనికొచ్చేవే. ఐస్ ముక్క, రెండు సెకన్ల ఆలస్యం — ఇది వింటేనే ఒక కళాకృతి కళ్ల ముందుకొస్తోంది. రెండు స్పీకర్లు, రెంటి మధ్య ఆ ఎడం, అంతే చాలు. ఏ స్వరశ్రేణీ అక్కర్లేదు.

కానీ ప్రతి ప్రదర్శనలో పక్కన అగర్ ముక్క ఉండి తీరాలన్న నిబంధనను మాత్రం వ్యతిరేకిస్తాను. ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్నవాళ్లకు ఒక గోడ, ఒక ప్లగ్ పాయింట్ దొరకడమే కష్టం. చీటీలో నిజం రాయమనండి: 'ఆకు, ప్యాడ్, గదిలోని కరెంటు, వచ్చినవాళ్ల ఒళ్లు కలిసి ఈ ధ్వనిని నడుపుతున్నాయి, స్వరాలు ఎంచింది కళాకారుడు.' ఇది చదివాక నాకు ఆ పని మీద ఆసక్తి పెరుగుతుందే గానీ తగ్గదు. గది నిండా కనిపించకుండా కరెంటు ఉందనీ, మనమూ మొక్కా ఇద్దరం అందులో తడుస్తున్నామనీ తెలియడం చిన్న విషయమా?

గోడబొమ్మ

ఆ చీటీ రాస్తే నాకు గొడవ లేదు. రాయరనే నా బాధ. అగర్ విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. హాల్లో పెట్టకపోయినా సరే, ప్రదర్శనకు ముందు ఒక్కసారైనా ఆ పరీక్ష చేసి, వచ్చిన రికార్డింగును క్యురేటర్‌కు ఇవ్వాలి. ఒక పూట పని.

పత్రరంధ్రం గారూ, తీగలేవీ లేకుండా మొక్క నుంచి నేరుగా శబ్దం వస్తుందన్న పరిశోధన ఉంది కదా, దాన్ని ప్రదర్శనకు తేవచ్చా?

పత్రరంధ్రం

తేవచ్చు. 2023లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో లిలాక్ హదనీ బృందం 'సెల్' పత్రికలో ప్రచురించింది. నీళ్లు లేని టమాటా, పొగాకు మొక్కల నుంచి 40–80 కిలోహెర్ట్జ్ మధ్య టిక్కుమనే శబ్దాలు, గంటకు కొన్ని పదులు. బాగా నీళ్లున్న మొక్క నుంచి గంటకు ఒకటి కూడా రాలేదు. నీటి నాళాల్లో గాలి బుడగలు చిట్లడమే కారణం కావచ్చని వాళ్ల అంచనా. మొక్క లేని మట్టి కుండీలనూ వాళ్లు రికార్డు చేశారు, గమనించండి.

చేయాలంటే మైకు కాండానికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఆడియోమాత్ లాంటి రికార్డర్ సెకనుకు 384 వేల నమూనాల (384 కిలోహెర్ట్జ్) దాకా తీసుకుంటుంది, 250 చాలు. 250 దగ్గర గంటకు సుమారు 1.8 గిగాబైట్లు నిండుతుంది, కార్డు చూసుకోండి. పదింతలు నెమ్మదిస్తే 60 కిలోహెర్ట్జ్ టిక్కు 6 కిలోహెర్ట్జ్‌కు దిగి చెవికి అందుతుంది. ఎల్‌ఈడీ డ్రైవర్లు, అల్ట్రాసోనిక్ దోమల యంత్రాలు, గబ్బిలాలు ఇదే పట్టీలో అరుస్తాయి. కుండీని లోపల ఫోమ్ అతికించిన పెట్టెలో పెట్టాలి.

తీగమల్లి

అంటే వినాలంటే మొక్కను ఎండగట్టాలి. అల్గారిథంతో తోటనే కీటకాలకు అనువుగా గీసే, కళాకారిణి అలెగ్జాండ్రా డైసీ గిన్స్‌బర్గ్ 'పాలినేటర్ పాత్‌మేకర్' లాంటి పనులు ఒకవైపు ఉండగా, మనం వినడం కోసం దాహం పెట్టడం నాకు మింగుడుపడటం లేదు. 555 పెట్టె అబద్ధం చెబుతుందేమో గానీ మొక్కను చంపదు.

పత్రరంధ్రం

న్యాయమైన అభ్యంతరమే. అయితే చంపక్కర్లేదు. శబ్దాలు నీళ్లు ఆపిన నాలుగైదు రోజుల దాకా పెరిగి, మొక్క బాగా ఎండుతుంటే తగ్గిపోతాయి. కాబట్టి ఆకులు వేలాడగానే రికార్డు ముగించి నీళ్లు పోయండి, ఆ తర్వాత కొత్తగా వినేదేమీ ఉండదు. హాల్లో ఆ రికార్డింగే నడపండి. ప్రత్యక్ష మొక్క కావాలంటే నాలుగు కుండీలు వంతులవారీగా తిప్పుతూ, ఒక్కోదానికి కోలుకోవడానికి వారం ఇవ్వండి. ఏ కుండీకి చివరిసారి నీళ్లు ఎప్పుడు పోశారో పక్కన పలక మీద రాసి పెట్టండి. వచ్చినవాళ్లు టిక్కులు వింటూ ఆ తేదీ చదువుతారు, నీళ్లు పొయ్యమని అడుగుతారు కూడా. అడిగితే పొయ్యనివ్వండి.

నల్లరేగడి

పొయ్యనిస్తె కింద ట్రే, పక్కన కొలత గ్లాసు పెట్టుండ్రి. పెట్టెల వైర్లు నేల మీద కాకుండ పై నుంచి దించాలె. నీళ్లు మొదలు పోయేది ప్లగ్ బోర్డులకే.