ఉమ్మడి ఉపవాస ప్రార్థనలో భాషలతో మాట్లాడటం: ఆ వరం ఆగిపోయిందా, ఉందా? సభ ఎట్లా నడపాలి?

తిరుచానూరు యువత

అందరికీ వందనాలు. తిరుపతిలో మూడు సంఘాల యువతను కలిపి ఒక శుక్రవారం రాత్రి ఉపవాస ప్రార్థన పెడుతున్నాం. ఒకటి సి.ఎస్.ఐ., ఒకటి బ్రదరన్ అసెంబ్లీ, ఇంకొకటి పెంతెకొస్తు సంఘం. 80 మంది దాకా వస్తారు. పాటలు, వాక్యం, భోజనం అన్నీ మాట్లాడుకున్నాం. భాషల దగ్గరే, అంటే నేర్చుకోని భాషలో ఆత్మ వరంగా మాట్లాడటం దగ్గరే ఆగిపోయాం. తెలిసినవాళ్ళు వాక్యం చూపించి చెప్పండి.

1 కొరింథీ 13:8లో "భాషలైనను నిలిచిపోవును" అని ఉంది. ఒకరు దానికి "ఆగిపోతాయి" అని అర్థం చెప్తున్నారు, ఇంకొకరు "చివరిదాకా నిలిచి ఉంటాయి" అంటున్నారు. ఏది సరి? వరం ఇప్పటికీ ఉందని నమ్మేవాళ్ళు సభలో ఉంటే దాన్ని ఏ క్రమంలో నడపాలి? ఇంకోటి, పరిశుద్ధాత్మ బాప్తిస్మం పొందనివాళ్ళని ముందుకు పిలిచి "స్తోత్రం, స్తోత్రం" అని భాషలు వచ్చేదాకా వేగంగా చెప్పించే పద్ధతి ఉంది కదా, అది పెట్టమని కొందరు అడుగుతున్నారు. పెట్టొచ్చా?

బెరయ చదువరి

ముందు ఆ మాట సంగతి తేల్చుకుందాం బ్రదర్. తెలుగులో "బస్సు దారిలో నిలిచిపోయింది" అంటే ఆగిపోయిందని. "ఆయన పేరు నిలిచిపోయింది" అంటే ఎప్పటికీ ఉంటుందని. ఒకే క్రియ, రెండు ఎదురెదురు అర్థాలు. మీ ఇద్దరి తగాదా అక్కడే పుట్టింది. గ్రీకులో ఉన్న మాట "పావుసొంతాయ్". మానటం, ఆగటం తప్ప నిలిచి ఉండటం అనే అర్థం దానికి లేదు. వచనం నడక చూసినా అంతే. శాశ్వతకాలం ఉండేది ప్రేమ ఒక్కటే. ప్రవచనాలు, భాషలు, జ్ఞానం, మూడూ పోయేవాటి వరసలో ఉన్నాయి. కాబట్టి "చివరిదాకా నిలిచి ఉంటాయి" అని ఆ మాట మీద కట్టిన బోధ తప్పు. వరం ఉందని నమ్మేవాళ్ళు కూడా దాన్ని వాడకూడదు.

ఆగిపోతాయన్నది ఖాయం. ఎప్పుడన్నదే అసలు ప్రశ్న. 10వ వచనంలో "పూర్ణమైనది వచ్చినప్పుడు" అని ఉంది. ఆ పూర్ణమైనది బైబిలు పూర్తి కావటమే అని కొందరి మాట. కానీ 12వ వచనం "అప్పుడు ముఖాముఖిగా చూతుము" అంటోంది. 27 పుస్తకాల కొత్త నిబంధన మన చేతిలో ఉండి కూడా మనం ఇంకా ముఖాముఖిగా చూడట్లేదు కదా. పైగా భాషలతోపాటు జ్ఞానం కూడా పోవాలి, అది పోలేదు. అందుకే అది ప్రభువు రాకడ గురించే అనుకోవటం నాకు సబబుగా తోస్తుంది.

ఇంకొక వాదన ఈ మధ్య వీడియోల్లో బాగా తిరుగుతోంది. గ్రీకు క్రియ రూపాన్ని బట్టి భాషలు "తమంతట తామే" ఆగిపోతాయని, కాబట్టి అపొస్తలుల తరంతోనే ఆగాయని. లూకా 8:24 తీయండి. గాలి, నీటిపొంగు ఆగిన చోట అదే క్రియ, అదే తరహా రూపంలో ఉంది. ఆ గాలి తనంతట తాను ఆగలేదు, ప్రభువు గద్దిస్తే ఆగింది. వ్యాకరణం మీద అంత బరువు పెడితే నిలవదు.

మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా: మనం అలవాటుగా "అన్యభాషలు" అంటాం. ఆ "అన్య" అనే మాట అపొ. కార్యములు 2:4లో ఉంది. 1 కొరింథీ 14లో మాత్రం యెషయా మాట ఎత్తి చెప్పిన 21వ వచనం దగ్గర వస్తుంది, ఆ పత్రిక రాసిన పౌలు తన సొంత మాటల్లో "భాషతో" అనే అంటాడు. రెండు చోట్ల ఉన్నదీ ఒకటేనా కాదా అన్నది విడిగా చూడాల్సిన సంగతి.

పాత ఆర్కాటు సంఘం

పైన సోదరుడు 13:10 గురించి చెప్పింది ఒప్పుకుంటాను. ఆగిపోయాయని నమ్మే మా వైపువాళ్ళు ఆ ఒక్క వచనం పట్టుకోవటం మంచిది కాదు. చిత్తూరు, మదనపల్లె వైపు ఆర్కాటు మిషను నుంచి వచ్చిన పాత సంఘాల్లో ఈ బోధకి ఆధారం వేరే చోట ఉంది.

ఎఫెసీ 2:20 చూడండి. సంఘం అపొస్తలులు, ప్రవక్తలు వేసిన పునాది మీద కట్టబడింది. ఇల్లు కట్టేవాడు పునాది ఒక్కసారే తీస్తాడు, మిద్దె మీద మిద్దె వేసినప్పుడల్లా మళ్ళీ తీయడు. హెబ్రీ 2:3-4లో సూచక క్రియలు, మహత్కార్యాలు, పరిశుద్ధాత్మ వరాలు ఆ మొదటి సాక్షుల మాటకి దేవుడు వేసిన సాక్ష్యంగా కనిపిస్తాయి. వరాల జాబితాలు కూడా పక్కపక్కన పెట్టి చూడండి. రోమా 12, ఎఫెసీ 4, 1 పేతురు 4లో భాషల ఊసే లేదు. 1 కొరింథీలోనే ఉంది, అదీ దిద్దుబాటు చేస్తూ.

ఇక అసలు వరం ఏమిటో చూడాలి. పెంతెకొస్తు దినాన పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు ఎవరి పుట్టిన దేశపు భాష వారు విన్నారు. అవి మనుషులు మాట్లాడే భాషలు. ఇప్పుడు వినిపించేది అదేనా? విలియం సమారిన్ అనే భాషాశాస్త్రజ్ఞుడు చాలా చోట్ల దీన్ని విని, విశ్లేషించి 1972లో పుస్తకం వేశాడు. ఆయన తేల్చింది ఇది: వాడే ధ్వనులు చాలా మటుకు మాట్లాడేవాడి సొంత భాషలోవే, అక్షరాల గుంపులు తిరిగి తిరిగి వస్తాయి, మాటకీ అర్థానికీ భాషలో ఉండే కట్టుబాటు లేదు. ఇంకొకటి, ఇది పెంతెకొస్తు చరిత్రలోనే ఉంది. 1906లో లాస్ ఏంజెలెస్ అజూసా వీధి ఉజ్జీవంలో ఉన్న గార్ దంపతులు బెంగాలీ వరంగా వచ్చిందని నమ్మి కలకత్తాకి వచ్చారు. అక్కడివాళ్ళకి అది అర్థం కాలేదు. 4వ శతాబ్దం చివరికే యోహాను క్రిసోస్తొము అనే పేరున్న సంఘ బోధకుడు ఈ అధ్యాయాలు బోధిస్తూ, ఆ సంగతులు ఇప్పుడు జరగటం లేదు కాబట్టే ఈ భాగం మసకగా ఉందన్నాడు.

దేవుడు ఇప్పుడు స్వస్థపరచడని మేం అనం. ఆ నింద మా మీద వేయొద్దు. రోగి కోసం ప్రార్థిస్తాం, జవాబు వస్తుందని నమ్ముతాం. ఒక వ్యక్తికి శాశ్వతంగా ఇచ్చిన సూచక వరం గురించే మా మాట. 14:39లో "భాషలతో మాటలాడుట ఆటంకపరచకుడి" అన్న మాట మాకు బరువే, దాన్ని దాటేసి పోలేం. అందుకే ఉమ్మడి సభలో పెంతెకొస్తు పిల్లల నోరు మూయించమని నేను చెప్పను.

రేణిగుంట కాపరి

అన్న నిజాయితీగా రాశారు. గార్ దంపతుల సంగతి నిజమే. భాషలు వస్తే మిషనరీలు భాష నేర్చుకోనక్కర్లేదన్న బోధ అక్కడే తప్పని తేలింది. అయితే 1 కొరింథీ 14:2లో భాషతో మాట్లాడేవాడు "మనుష్యులతో కాదు దేవునితోనే" మాట్లాడుతున్నాడని, ఎవడూ గ్రహింపడని ఉంది. అపొ. కార్యములు 2లో వేరు వేరు దేశాల నుంచి వచ్చినవాళ్ళు తమ తమ భాషల్లో గ్రహించారు. ఒకే వరం రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేసిందని మేం నమ్ముతాం. చరిత్ర కూడా పూర్తిగా మౌనంగా లేదు. 2వ శతాబ్దంలో ఇరేనియస్ అనే సంఘ నాయకుడు తన కాలపు సహోదరుల్లో భాషలతో మాట్లాడేవాళ్ళున్నారని రాశాడు. 1860లో, అజూసాకి 46 ఏళ్ళ ముందు, తిరునెల్వేలి ప్రాంతంలో అరుళప్పన్ పరిచర్యలో జరిగిన ఉజ్జీవంలో భాషలు, ప్రవచనాలు వచ్చినట్టు నమోదై ఉంది. ఆయన ఎవరనుకున్నారు? బ్రదరన్ బోధకుడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ శిష్యుడు.

ఇక సభ సంగతి. వరం ఉందని నమ్మేవాళ్ళకే 14వ అధ్యాయం ఎక్కువ బరువు. పాటించకపోతే మన నమ్మకాన్ని మనమే కొట్టేసుకున్నట్టు.

ప్రార్థన మొదలు పెట్టకముందే నడిపించేవాడు అడగాలి: "అర్థం చెప్పే వరం ఉన్నవాళ్ళు, సంఘం ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" 28వ వచనం ప్రకారం అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండాలి, తనతోనూ దేవునితోనూ మాట్లాడుకోవచ్చు. ఉన్నాడో లేడో ముందే తెలియకపోతే ఆ ఆజ్ఞ పాటించటం ఎట్లా కుదురుతుంది? చానా చోట్ల ఈ ఒక్క ప్రశ్న అడగకపోవటం వల్లే తక్కినదంతా గాడి తప్పుతుంది. ఎవరూ లేకపోతే "ఈ రాత్రి భాషలు పెదవుల లోపలే, పక్కవాడికి వినపడకుండా" అని ఒక్క మాట ప్రకటించండి. ఉంటే ఇద్దరు, మహా అయితే ముగ్గురు, వంతుల చొప్పున. మొదటివాడు ముగించి, అర్థం వచ్చి, అది తేలేదాకా రెండోవాడు లేవకూడదు. "ఆత్మ నన్ను ఆపనివ్వలేదు" అన్న మాట ఒప్పుకోవద్దు. ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనంలో ఉంటాయని 32వ వచనం చెప్తోంది.

ఎక్కువగా చెడేది మైకు దగ్గర. నడిపించేవాడే మైకులో భాషలతో మొదలు పెడతాడు, ఎకో పెంచి ఉంటుంది, కీబోర్డు ఒకే స్వరం మీద సాగుతూ ఉంటుంది, అర నిమిషంలో 80 మందీ ఒకేసారి గొంతెత్తుతారు. 23వ వచనంలో బయటివాడు వచ్చి చూస్తే వెఱ్ఱి అనుకుంటాడని పౌలు చెప్పింది సరిగ్గా ఈ దృశ్యమే. కాబట్టి ప్రార్థన సమయంలో ఎకో తీసేయండి. ఒకే మైకు, స్టాండు మీదే ఉండాలి, చేతులు మారకూడదు. మిక్సర్ దగ్గర కూర్చున్న పిల్లవాడికి ఎవరి సైగ చూసి ఆపాలో ముందే చెప్పండి.

అర్థం ఎట్లా వస్తుందో కూడా చూడాలి. భాష దేవునితో మాట్లాడేదైతే, దాని అర్థం స్తుతిగానో ప్రార్థనగానో ఉండాలి. "నా పిల్లలారా, నేను మీతో చెప్పుచున్నాను" అని మొదలైతే అది ప్రవచనం తరహా. అప్పుడు 29వ వచనం ప్రకారం తక్కినవాళ్ళు వివేచించాలి. మూడు సంఘాల పెద్దలు ఒక్కొక్కరు ముందు వరసలో కూర్చుంటే ఆ పని వాళ్ళది. ఒకరి పెళ్ళి, ఒకరి డబ్బు, ఒకరి జబ్బు పేరు పెట్టి చెప్పే అర్థం వస్తే అక్కడే ఆపండి, మొహమాటపడొద్దు.

స్విమ్స్ దారి సిస్టర్

"స్తోత్రం" వేగంగా చెప్పించే పద్ధతి గురించి. పెట్టొద్దు బ్రదర్, గట్టిగా చెప్తున్నా. ఆ మాటలో రెండు ఒత్తులున్నాయి, వేగం పెరిగేకొద్దీ నాలుక వాటిని మోయలేదు. ముందు "స్" పోయి "తోత్రం తోత్రం" అవుతుంది, తర్వాత "తోతో, తరతర" అని జారుతుంది. అప్పుడు పక్కనున్నవాడు "వచ్చింది, వచ్చింది" అని చప్పట్లు కొడతాడు. అది నాలుక అలిసిపోవటం. అపొ. కార్యముల్లో భాషలు వచ్చిన కొర్నేలీ ఇంట్లో గానీ ఎఫెసులో గానీ ఎవరూ ఎవరికీ అక్షరాలు నేర్పలేదు. "అందరు భాషలతో మాటలాడుచున్నారా?" అని 12:30లో పౌలు అడిగిన ప్రశ్నకి జవాబు "లేదు" అనే. రాని పిల్లవాడు తనలో ఏదో పాపం ఉందని కుమిలిపోతూ ఇంటికి పోతాడు. అది ఎంత లోతు గాయమో నిలబెట్టి అరిపించేవాళ్ళకి తెలియాలి.

ఒంటికి జరిగేది కూడా తెలుసుకోండి. ఆగకుండా గట్టిగా, వేగంగా ఊపిరి వదులుతుంటే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. పెదవుల చుట్టూ తిమ్మిరి, చేతివేళ్ళు కొంకర్లు పోవటం, కళ్ళు తిరగటం, పడిపోవటం వరసగా వస్తాయి. అభిషేకం అనీ అనొద్దు, దయ్యం అనీ అనొద్దు. కూర్చోబెట్టి, గుంపును పక్కకి పంపి, ముక్కుతో నెమ్మదిగా పీల్చి అంతకన్నా నెమ్మదిగా వదలమనండి. కొద్ది నిమిషాల్లో తేరుకుంటారు. మొహానికి ప్లాస్టిక్ కవరు అడ్డం పెట్టొద్దు. ఛాతీలో నొప్పి ఉన్నా, తేరుకోకపోయినా 108కి ఫోన్ చేయండి.

ఉపవాసం కాబట్టి ఇంకోటి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఎవరో ముందే అడిగి రాసుకోండి. వాళ్ళ డాక్టరు ఒప్పుకోకపోతే తిని రమ్మనండి, ప్రార్థనకి అడ్డమేమీ కాదు. చెమటలు, వణుకు, పొంతన లేని మాటలు మొదలైతే షుగరు పడిపోయిందని అనుమానించాలి. మూడు టీస్పూన్ల చక్కెర, అంటే 15 గ్రాముల దాకా, నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తగ్గకపోతే ఇంకోసారి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108 పిలవండి. షుగరు పడిపోయి తడబడే మాటని భాషలనుకుని స్తోత్రాలు చెప్తూ నిలబడితే ప్రాణం మీదికి వస్తుంది.

తిరుచానూరు యువత

అందరికీ చాలా కృతజ్ఞతలు. వేగంగా చెప్పించేది తీసేస్తున్నాం. అర్థం చెప్పేవాళ్ళ సంగతి ముందే అడుగుతాం, ఎకో తీయిస్తాం. ఒక్క అనుమానం మిగిలింది. చిత్తూరు నుంచి నాలుగైదు తమిళ కుటుంబాలు వస్తున్నాయి. వాళ్ళు తమిళంలో ప్రార్థిస్తే, దాన్ని తెలుగులో చెప్పేవాళ్ళు "అర్థం చెప్పే వరం" ఉన్నవాళ్ళ లెక్కలోకి వస్తారా?

బెరయ చదువరి

రారు. తమిళం వచ్చినవాడు చేసేది తర్జుమా, అది చదువు వల్లా ఇరుగుపొరుగు వల్లా వచ్చింది. వరం వల్ల అర్థం చెప్పేవాడికి ఆ భాష రాదు. ఈ రెండూ కలిపేస్తే, రెండు భాషలు తెలిసిన పిల్లవాణ్ణి రేపు ఇంకెవరో భాషలకి అర్థం చెప్పమని ముందుకు తోస్తారు.

అయినా 14:16 నియమం తమిళ ప్రార్థనకీ వర్తిస్తుంది. అర్థం కానివాడు "ఆమేన్" ఎట్లా అంటాడు అని పౌలు అడిగింది అదే. తిరుపతి పిల్లల్లో చాలామందికి తమిళం తెలియదు. ప్రార్థన అంతా అయ్యాక చెప్పించకండి, అప్పటికి ఎవరికీ గుర్తుండదు. రెండు మూడు వాక్యాలకి ఒకసారి ఆగమని వాళ్ళకి ముందే చెప్పండి, ఆగిన చోటల్లా తెలుగు. రేణిగుంట అన్న చెప్పిన ఒకే మైకు నియమానికి ఇక్కడ ఒక్క సడలింపు ఇవ్వండి: తర్జుమా చేసేవారికి వేరే మైకు పెట్టండి. ఒకే మైకు చేతులు మారితే తెలుగులో మొదటి రెండు మాటలు ఎప్పుడూ ఎగిరిపోతాయి.