అమ్మమ్మను కోల్పోయిన భార్యకు ఎలా తోడుండాలి?

ప్రశ్న:
నా భార్య మలేషియాలోని పినాంగ్‌లో స్థిరపడిన చైనా కుటుంబానికి చెందినది. నిరుడు అమ్మమ్మ పోయినప్పటి నుంచి ఆమె బొమ్మలు వేయడం మానేసి, దుఃఖాన్ని లోపలే దాచుకుంటున్నది. ఏప్రిల్ 4న గానీ 5న గానీ వచ్చే, చైనీయులు పూర్వీకులను తలచుకునే చింగ్‌మింగ్ పండుగ నాడు నేనేం చేయగలను?

జవాబు 1:
అక్కడి హొక్కియెన్ (దక్షిణ చైనాలోని ఫుజియన్ మూలాలున్న) కుటుంబాలు చెంగ్‌బెంగ్ అని పిలిచే ఆ రోజున సమాధి చుట్టూ కలుపు తీసి, శుభ్రం చేసి, ఆహారమూ అగరువత్తులూ సమర్పిస్తారు. అప్పుడు మీ అత్తగారిని అమ్మమ్మగారి కథలు అడిగి రాసిపెట్టండి. మా నాన్నగారు పోయాక, మహాలయ పక్షంలో మేనత్త చెప్పిన ఆయన చిన్ననాటి సంగతులే నన్ను నిలబెట్టాయి.

జవాబు 2:
2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన చైనా కాగితపు కత్తిరింపు కళను ఎన్నో ఇళ్లలో స్త్రీలే తరతరాలుగా నేర్పుతూ వచ్చారు. అమ్మమ్మగారి కథల్లోని ఒక దృశ్యాన్ని కాగితంలో కత్తిరించమని ఆమెను మెల్లగా అడగండి. చైనీయులకు ఎరుపు శుభానికి, తెలుపు సంతాపానికి గుర్తు కనుక, కాగితం రంగును ఆమెకే వదిలేయండి.