విశాఖ నుంచి అస్సాం: మొదటి ప్రయాణం, సలహా చెప్పండి

మాది గాజువాక. నాకు 58 ఏళ్ళు, ఆయనకు 63. ఇటు తిరుపతి, అటు పూరీ దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. పిల్లలు స్థిరపడ్డారు, ఇన్నాళ్ళకు కామాఖ్య అమ్మవారిని చూడాలని బయలుదేరుతున్నాం. డిసెంబరులో కన్యాకుమారి–దిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ మన విశాఖలో ఎక్కి గౌహతిలో దిగాలని ఆలోచన. ఆ బండి మొత్తం దారి నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. అందులో మా ప్రయాణం కూడా ఒక రోజుకు పైనే! ఒడిశా, బెంగాల్ దాటి పోతుంటే స్టేషన్ బోర్డుల మీద లిపి మారుతూ ఉంటుందని తలచుకుంటేనే సంబరంగా ఉంది.

రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి త్వరగా తేల్చుకోవాలి. ఆయనకు మోకాళ్ళ నొప్పి. కామాఖ్య గుడి ఉన్న నీలాచలం కొండపైకి బండి ఎంతవరకు వెళ్తుంది, ఆపైన మెట్లెన్ని ఎక్కాలి? ఆయనకు షుగర్ కూడా ఉంది, రైల్లో తిండికి మీరేం చేశారు? పులిహోర మొదటి రోజుకే సరిపోతుంది కదా. అక్కడ శీతాకాలం నాలుగున్నరకే పొద్దుగుంకుతుందట, కాజీరంగా అభయారణ్యం కూడా చూస్తే అక్కడి నుంచి ఎన్నింటికి తిరిగి బయలుదేరాలి? అరుణాచల్‌కు ఇన్నర్ లైన్ పర్మిట్ (ఆ రాష్ట్రంలో అడుగుపెట్టడానికి ముందస్తు అనుమతి) కావాలి గనుక దాన్ని వదిలేశాం. మాకు హిందీ అంతంతమాత్రం. మన వైపు నుంచి వెళ్ళొచ్చిన వాళ్ళు దయచేసి చెప్పండి.