ఫైటేజ్ వేస్తే డీసీపీ ఎన్ని కిలోలు తగ్గించాలి?

ప్రశ్న (సొంత_మేత):
బ్రాయిలర్ స్టార్టర్, మాష్ (పొడి) మేతే. టన్నుకు డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్, కాల్షియం, భాస్వరం ఇచ్చే పొడి) 16 కిలోలు, రాయిపొడి 10, నూనె తీసిన తౌడు 50, మిగతాది మొక్కజొన్న, సోయా, ప్రీమిక్సులు. గ్రాముకు 5000 యూనిట్ల ఫైటేజ్ (గింజల్లో ఫైటేట్‌గా ముడిపడి ఉన్న భాస్వరాన్ని విడిపించే ఎంజైము) 100 గ్రాములు వేస్తే 8 కిలోల డీసీపీ ఎత్తేయొచ్చని డీలరు అంటున్నాడు. కాళ్లు పడిపోవా? లిట్టరు (కోళ్ల కింద పరిచే పొట్టు) తడిగా ఉంటోందని ఎన్‌ఎస్‌పీ ఎంజైము (తౌడు, గోధుమల్లోని అరగని పీచును విడగొట్టేది) కూడా కలపమంటున్నాడు.

ఫీడ్_లెక్కలు:
100 గ్రాములంటే కిలో మేతకు 500 యూనిట్లు. దాంతో విడుదలయ్యే భాస్వరం 0.12 శాతమనుకుంటే టన్నుకు 1.2 కిలోలు. మీ డీసీపీలో భాస్వరం నిజంగా 18 శాతం ఉంటే అది దాదాపు 6.7 కిలోల డీసీపీకి సమానం. కాబట్టి 6 తగ్గించండి, 8 వద్దు. ప్రీస్టార్టర్‌లో (మొదటి రోజుల మేత) 3 కంటే ఎక్కువ తీయొద్దు, పిల్ల తినేదే కొంచెం. ఫైటేజ్ బస్తా మీద గ్రాముకు యూనిట్లు చూడండి: 10000 అయితే 50 గ్రాములే, 2500 అయితే 200.

సొంత_మేత:
సరే అన్నా. తగ్గిన 6 కిలోల చోట రాయిపొడి పోయొచ్చా?

ఫీడ్_లెక్కలు:
అసలు పోయొద్దు. చాలామంది దెబ్బతినేది అక్కడే. తీసేసిన డీసీపీతో పోయే కాల్షియం 1.4 కిలోలు. ఫైటేజ్ కూడా దాదాపు అంతే విడిపిస్తుంది. 6 కిలోల రాయిపొడి పోస్తే ఇంకో 2.3 కిలోలు పైన పడుతుంది. కాల్షియం ఎక్కువైతే పేగులో ఫైటేట్‌తో గట్టిగా ముడిపడిపోతుంది, ఎంజైము దాన్ని విడదీయలేదు. ఇటు డీసీపీ లేదు, అటు ఫైటేజ్ పని చేయదు, రెండో వారానికి ముక్కు, ఎముకలు మెత్తబడి కోళ్లు కుంటుతాయి. ఆ చోటు మొక్కజొన్నతో నింపండి.

మిక్సర్_మేస్త్రి:
100 గ్రాములు నేరుగా మిక్సర్‌లో వేస్తే ఒక బస్తాకు ఎక్కువ, ఇంకోదానికి సున్నా. ముందు కిలో మొక్కజొన్న పిండిలో, తర్వాత 10 కిలోల్లో కలిపి, నూనె పోయకముందే వేయండి. నిలువు మిక్సరైతే 15 నిమిషాలు తిరగాలి. కోలిన్ క్లోరైడ్, కాపర్ సల్ఫేట్‌తో ముందే కలిపి నిల్వ పెట్టొద్దు, చెమ్మకు ఎంజైము చచ్చిపోతుంది. రేపు పెల్లెట్‌కు మారితే వేడి 80 డిగ్రీలు దాటుతుంది, కోటింగ్ ఉన్నదే కొనండి.

లిట్టర్_చూసేవాడు:
తడి లిట్టరుకు ముందు ఎంజైము కాదు గారూ. నీళ్ల నిపిల్స్ కారుతున్నాయా, ఉప్పు ఎంత, రెట్టలో రక్తం ఛాయ ఉందా చూడండి. కాక్సీ (పేగులకు వచ్చే రక్త విరేచనాల జబ్బు) ఉంటే ఏ ఎంజైమూ ఆపదు. ఇవన్నీ సరిగా ఉండి, తౌడు 50 నుంచి 80కి పెంచాలనుకుంటే, లేదా గోధుమ వాడితే, అప్పుడు ఎన్‌ఎస్‌పీ ఎంజైముల్లో ఒకటైన జైలనేజ్‌కు పని ఉంటుంది. రెండు ఎంజైములు వేసినా, రెండు కంపెనీలు తమ ఎంజైముతో మిగులుతుందని రాసిచ్చిన ఎనర్జీ కలిపేసి నూనె తగ్గించొద్దు, ఆ రెండు లాభాలూ పూర్తిగా కలవవు. అందులో ఎక్కువ ఉన్నదొక్కటే లెక్కలోకి తీసుకోండి.