నిర్మాణాత్మక మూల్యాంకనంలో నిర్మాణం ఎక్కడుంది?

‘నిర్మాణాత్మక మూల్యాంకనం’ అన్న మాటలో నిర్మించేది దేనిని అని మిత్రులు అడిగిన ప్రశ్న సబబైనదే. పాఠాలు సాగుతుండగా చేసే ఈ మూల్యాంకనాన్ని బడుల్లో ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) అనీ, దీనికి జంటగా చివర్లో చేసే సంగ్రహణాత్మక మూల్యాంకనాన్ని ఎస్‌ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్) అనీ పొడి అక్షరాలతో పిలవడం అలవాటైపోయి, అసలు పేర్ల అర్థం ఎవరికీ పట్టకుండా పోయింది.

మూల్య, అంకన శబ్దాలు సవర్ణదీర్ఘ సంధితో కలిసి మూల్యాంకనం అయింది. విలువను నిర్ణయించి గుర్తువేయడమని దాని భావం. పత్రికల్లో ‘జవాబు పత్రాల మూల్యాంకనం’ అంటే పేపర్లు దిద్దడమే. విద్యాశాస్త్రంలో మాత్రం ఎన్ని మార్కులో తేల్చడం మాపనం, ఆ మార్కులను ఆధారం చేసుకొని విద్యార్థి స్థితి గురించి ఒక నిర్ణయానికి రావడం మూల్యాంకనం.

ఇక చిక్కంతా విశేషణంతోనే. 1967లో మూల్యాంకన శాస్త్ర పండితుడు మైకేల్ స్క్రివెన్, పాఠ్యప్రణాళిక తయారవుతుండగా దానిని సవరించుకోవడానికి చేసే పరిశీలనను, తయారయ్యాక తీర్పు చెప్పడానికి చేసే పరిశీలన నుంచి విడదీసి, రెండింటికీ ఫార్మేటివ్, సమ్మేటివ్ అని వేరువేరు పేర్లు పెట్టారు. ఆ తేడాను పిల్లల అభ్యసనానికి అన్వయించిన వారిలో అమెరికా విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ ముఖ్యులు. కాబట్టి ఫార్మేటివ్ అన్న మాట మూలభావం కట్టడం కాదు, రూపుదిద్దడం. ‘రూపణ మూల్యాంకనం’ అన్న అనువాదమే దానికి దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది. ‘నిర్మాణాత్మక’ అనగానే మనకు నిర్మాణాత్మక విమర్శ గుర్తుకొచ్చి, ఇదేదో నొప్పించకుండా మార్కులు వేసే పద్ధతి కాబోలు అన్న భ్రమ కలుగుతుంది.

ప్రయోగంలో పొరపాటు ఇంకా పెద్దది. ఒక విద్యార్థి 1/2 + 1/3 = 2/5 అని రాశాడనుకుందాం. ఉపాధ్యాయుడు దానికి సున్నా వేసి, ఆ సున్నాను రిజిస్టరులో ఎక్కించి ఊరుకుంటే, పరీక్ష ఎంత చిన్నదైనా అది నిర్మాణాత్మకం కాదు. లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడుతున్నాడని గమనించి, మర్నాడు అదే పాఠాన్ని కాగితం మడతలతో మళ్ళీ చెబితే అప్పుడు అవుతుంది. ప్రశ్న అదే, జవాబూ అదే. పేరు వచ్చేది ఆ జవాబుతో ఏం చేశామన్న దాన్ని బట్టి. అందువల్ల ‘ఎఫ్‌ఏ అంటే తక్కువ మార్కుల పరీక్ష’ అన్న వాడుక సరికాదు.

సంగ్రహణాత్మకానికీ ఇలాంటి ఇబ్బందే ఉంది. సంగ్రహణం అంటే ఒకచోట చేర్చడమే అయినా, సంగ్రహం అంటే క్లుప్తం అన్న అర్థం మనకు బాగా అలవాటైనది కనుక, చదివినదంతా కలిపి చూసే పరీక్షకు ‘సంకలన మూల్యాంకనం’ మేలేమో. లెక్కల మాస్టర్లకు మాత్రం అది కూడికల పరీక్షలా వినిపించవచ్చు.