హేడ్రియన్ గోడకు ఒక్క రోజు: హౌస్‌స్టెడ్స్ చూడాలా, విండోలాండా చూడాలా?

ప్రశ్న:
గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలను సెప్టెంబరు మొదటి వారంలో ఉత్తర ఇంగ్లండులో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కట్టించిన గోడకు తీసుకువెళ్ళాలనుకుంటున్నాను. మాకు కారు లేదు. న్యూకాజిల్ నుంచి రైల్లో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలి. నాన్నగారు ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి కనుక, రోమన్ల సరిహద్దు కోటను చూడడంతో ఆయనకు సరిపోదు, క్రీ.శ. 122లో కట్టడం మొదలైన ఆ గోడ రాయిని చేత్తో తాకాలట. అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు. హౌస్‌స్టెడ్స్, విండోలాండా అనే రెండు రోమన్ కోటల్లో ఏది మేలు? పునాదులు తప్ప అక్కడ ఏమైనా మిగిలి ఉన్నాయా?

జవాబు 1:
మీ నాన్నగారి కోరిక తీరాలంటే హౌస్‌స్టెడ్సే చూడాలి, ఎందుకంటే ఆ కోట ఉత్తరపు గోడే హేడ్రియన్ గోడ. అయితే కోట అనగానే కొండవీడునో గోల్కొండనో ఊహించుకుని వస్తే నిరాశ తప్పదు. ఇది రాజుల కోట కాదు, సుమారు ఎనిమిది వందల మంది సైనికులు కాపురమున్న దండు విడిది. చాలాచోట్ల గోడలు మోకాలెత్తుకు, నడుమెత్తుకు మించవు. ధాన్యపు కొట్ల నేలను మోసిన పొట్టి రాతి స్తంభాలు మాత్రం ఇప్పటికీ వరుసగా నిలబడి ఉన్నాయి. గింజకు చెమ్మ తగలకుండా మనవాళ్ళు గాదె కింద రాళ్ళు పెట్టి ఎత్తు చేసే ఉపాయమే అది. కోటలో అన్నిటికంటే పల్లంగా ఉన్న ఆగ్నేయ మూలలో సైనికుల మరుగుదొడ్డి ఉంది. కూర్చునే చెక్క బల్లలు పోయాయి గానీ, వాటి కింద లోతైన కాలువ, ముందు, శుభ్రం చేసుకునే స్పాంజీలు కడుక్కోవడానికి నీరు పారిన సన్నటి రాతి కాలువ చెక్కుచెదరలేదు. నేను అక్కడే ఎక్కువసేపు నిలబడిపోయాను.

జవాబు 2:
పై జవాబులో మోకాళ్ళ సంగతి మరిచిపోయారు. హౌస్‌స్టెడ్స్‌లో రోడ్డు నుంచి కోటకు సుమారు అర మైలు ఎత్తు ఎక్కాలి, పైన గాలి ఈడ్చికొడుతుంది. నా మాట వింటే విండోలాండాకు వెళ్ళండి. అది గోడ మీద లేదు, దానికి దక్షిణంగా మైలు దూరంలో ఉంది. గోడ కంటే పాతది, క్రీ.శ. 85 ప్రాంతంలో మొదలైంది. పాత కోటను పడగొట్టి, మట్టి కప్పి, దానిపైనే కొత్తది కట్టుకుంటూ పోవడంతో అడుగు పొరలకు గాలి సోకక, తోలు చెప్పులు, కర్ర సామాన్లు కుళ్ళకుండా దొరికాయి. 1973లో సిరాతో రాసిన పలుచని చెక్క పలకలు బయటపడ్డాయి. సెప్టెంబరు 11న తన పుట్టినరోజుకు తప్పక రమ్మని క్లాడియా సెవెరా అనే అధికారి భార్య, ఈ కోట అధిపతి సెరియాలిస్ భార్య లెపిడినాను పిలిచిన ఉత్తరం వాటిలో ఒకటి. దాని చివరి పంక్తులు ఆమె స్వహస్తంతో రాసినవి. ఆ పలక ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మరో పలక సైనికుల ఖర్చుల పద్దు; అందులో మిరియాలకు రెండు దీనారాలు (రోమన్ వెండి నాణేలు) అని రాసి ఉంది. ఆ రోజుల్లో రోముకు మిరియాలు చేరింది మలబారు తీరం నుంచి, ఎర్రసముద్రం మీదుగా. ఆ ముక్క చెబితే మీ నాన్నగారు అక్కడి నుంచి కదలనంటారు.

జవాబు 3:
ఒక హెచ్చరిక: విండోలాండాలో కొంత మేర గోడ నిలువెత్తున కనిపిస్తుంది, కానీ అది 1970లలో నమూనాగా కట్టినది. చరిత్ర మాష్టారిని దాని ముందు నిలబెట్టి ఫొటో తీశారంటే ఊరుకోరు. వేసవి నెలల్లో హెక్సమ్, హాల్ట్‌విజిల్ స్టేషన్ల మధ్య ఏడీ122 అనే బస్సు తిరుగుతుంది, రెండు కోటల దగ్గరా ఆగుతుంది. గోడ కట్టడం మొదలుపెట్టిన సంవత్సరమే దాని నంబరు. బస్సుల మధ్య ఎడం ఎక్కువ కనుక, వేళలు చూసుకున్నాకే రైలు టిక్కెట్టు కొనండి. ఉదయం అందరూ విండోలాండా చూసి, అమ్మగారిని అక్కడి హోటల్లో టీ దగ్గర కూర్చోబెట్టి, మీరూ నాన్నగారూ హౌస్‌స్టెడ్స్‌కు వెళ్ళి రావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మూడో జవాబు ప్రకారమే వెళ్తున్నాం. ఇవన్నీ ఇంట్లో చదివి వినిపిస్తే నాన్నగారు మరుగుదొడ్డి గురించి రెండుసార్లు చదివించుకున్నారు. అమ్మ మాత్రం, రెండు దీనారాలకు ఎన్ని మిరియాలు వచ్చాయో ఆ పలక మీద రాశారా అని అడుగుతోంది.